ఇల్లరికపు ఇంట్లో నీలం లైటు

మా మామ నన్ను పెళ్ళైన కొత్తలో ‘అల్లుడుగారూ’ అనేవాడు. కొన్నాళ్ళకి ‘ఏమయ్యా’ అయింది. ఆ తర్వాత ‘పంతులూ’ దగ్గర ఆగిపోయింది. నేను నరసరావుపేటలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. బతకలేక బడిపంతులు అనే సామెత ఆయనకి నా ఇంటిపేరుతో సమానం. కొత్తవాళ్ళెవరైనా వస్తే, “మా అల్లుడు. పాఠాలు చెబుతాడులే” అనేవాడు. ఆ ‘లే’తోనే నన్ను నిలువునా పాతిపెట్టేవాడు.

మాది వినుకొండ దగ్గర మెట్ట ఊరు. అన్నదమ్ములం నలుగురం. ఉన్న చెక్క వాన పడితే పొలం, పడకపోతే బీడు. మా ఆవిడ వాళ్ళ నాన్నకి ఒక్కతే కూతురు. మా అత్తయ్య నా పెళ్ళికి ముందే పోయింది. కూతుర్ని బయటికి పంపే పనిలేదు, అల్లుడే లోపలికి రావాలన్నాడు మా మామ. మా వాళ్ళు సరేనన్నారు. నన్నూ అడిగారు, నేనూ సరేనన్నాను. ఇల్లరికం అంటే మంచి ఇంట్లో ఉండటం అనుకున్నాను. ఆ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ మర్యాదగా కూర్చోవడమే అని తర్వాత తెలిసింది.

ఆయన మా వార్డులో పెద్దమనిషి. ఏ పార్టీనో ఇక్కడ రాయను. సాయంత్రమయ్యేసరికి వరండాలో కుర్చీలు పడేవి, ఆయన మనుషులు చేరేవాళ్ళు. గట్టు తగాదాలు, మొగుడూ పెళ్ళాల తగాదాలు, ఎవడు మన వైపు, ఎవడు అటు జారాడు, ఇవే మాటలు. ఎన్నికలొస్తే మా బూత్‌లో ఏజెంటుగా కూర్చునేది ఆయనే. ఆయనకి కావాల్సింది ఆ కుర్చీల్లో తన పక్కన కూర్చుని, తన తర్వాత ఆ కుర్చీ తీసుకునే అల్లుడు. దొరికింది సాయంత్రం చొక్కాకి సుద్దపొడి పట్టించుకుని వచ్చి, లోపలికెళ్ళి పేపర్లు దిద్దుకునే అల్లుడు. మోసపోయానని ఆయనా అనుకున్నాడు, నేనూ అనుకున్నాను.

ఆ ఇంట్లో నా వస్తువు అంటూ ఒకటి లేదు. మంచం వాళ్ళది, బీరువా వాళ్ళది. గోడకి మేకు కొట్టాలన్నా, “ఎందుకది?” అని ఆయన లేచి వచ్చి నిలబడేవాడు. మా ఆవిడ కూడా నన్ను మొదటినుంచీ నువ్వు అనే అంటుంది. అందుకు నాకేం బాధలేదు. వాళ్ళింటికి నేను వచ్చినవాణ్ణి కదా.

గుంటూరులో నాకు తెలిసిన బ్యాంకు ఉద్యోగి ఒకాయనకి దూరం బదిలీ అయింది. ఆయన దగ్గర చిన్న అక్వేరియం ఉండేది. మామూలు చేపల తొట్టి కాదు, ఉప్పునీళ్ళది. అందులో రాళ్ళు, రాళ్ళ మీద మెత్తటి పగడాలు. గట్టి రాతి పగడాలు ఇంట్లో పెట్టుకోవడం చట్టం ఒప్పుకోదు, ఇవి వేరే రకం. చొక్కా గుండీల్లాంటి పగడాలు గుత్తులుగా, ఒక్కోదాని చుట్టూ సన్నటి వెంట్రుకలు. పక్కనే పుట్టగొడుగుల్లా పరుచుకున్న ఇంకో రకం. నారింజ రంగు మీద తెల్ల పట్టీలున్న చేపలు ఒక జత. నేను చూడ్డానికి వెళ్ళిన ప్రతిసారీ ఆ తొట్టి ముందు కూర్చుంటే లేవబుద్ధయ్యేది కాదు. ఆయన వెళ్తూ వెళ్తూ తొట్టి నాకిచ్చాడు. పైనుండే లైటు మాత్రం ఖరీదైనది, తనతో తీసుకుపోయాడు.

ఆ లైటు లేకపోతే మిగతాదంతా దండగ. పగడం చెట్టు కాదు, జంతువు. కానీ దాని ఒంట్లో కంటికి కనపడని నాచు ఉంటుంది, ఆ నాచు ఎండ తిని దానికింత పెడుతుంది. ఎండ లేకపోతే నాచు పోతుంది, పగడం తెల్లగా పాలిపోయి చస్తుంది. ఇంట్లో ఎండ అంటే లైటే.

తొట్టి తెచ్చి హాల్లో, రోడ్డు వైపు కిటికీ పక్కన పెట్టాను. ఇంకెక్కడా ఖాళీ లేదు. ఉన్నా అక్కడే పెట్టేవాణ్ణి.

మా మామ పొలం నుంచి వచ్చి చూశాడు. చెప్పులు విప్పకుండానే అడిగాడు.

“ఏంది పంతులూ ఇది?”

“అక్వేరియం మామయ్యా. సముద్రంది.”

“సముద్రం బాపట్లలో ఉంది. ఇది నరసరావుపేట.”

అంతే అని లోపలికెళ్ళాడు. తీసెయ్యమని అనలేదు. అలా అనుంటే మొదటిరోజే తేలిపోయేది.

లైటు నేనే తయారుచేద్దామనుకున్నాను. రోజూ ఓమ్ సూత్రం చెప్పేవాడికి నాలుగు ఎల్‌ఈడీలు వెలిగించడం ఎంతసేపని పొగరు. అల్యూమినియం కిటికీలు చేసే షాపులో ఒక పట్టీ కోయించుకొచ్చాను. గోరంత ఎల్‌ఈడీలు, ఒక్కోటీ నక్షత్రం ఆకారంలో ఉండే చిన్న రేకు మీద వస్తాయి. తెల్లవి కొన్ని, నీలం కొన్ని తెప్పించి ఆ పట్టీ మీద వరసగా అంటించి, దండ గుచ్చినట్టు ఒకదాని కొస ఇంకోదానికి వైరుతో కలిపాను. పాత మోడెం తాలూకు అడాప్టరు తగిలించి, మధ్యలో ఒక రెసిస్టరు పెట్టాను. స్విచ్ వేస్తే వెలిగింది. హాలంతా వెలుగు. మా ఆవిడ వంటింట్లోంచి తొంగిచూసి, “పర్లేదే” అంది. ఆ ఇంట్లో అప్పటిదాకా నాకు దొరికిన పెద్ద బిరుదు అదే.

అర్ధగంటకి ఒకటి మినుకుమినుకుమంది. కమిలిన వాసన వచ్చింది. ఇంకోటి ఠప్పుమని పోయింది, దాంతో ఆ వరసంతా చీకటి. ఎల్‌ఈడీ వేడెక్కేకొద్దీ కరెంటు ఎక్కువ లాగుతుంది, ఎక్కువ లాగేకొద్దీ ఇంకా వేడెక్కుతుంది. అడ్డం పెట్టేవాడు లేకపోతే తననితానే కాల్చుకుంటుంది. ఈ ముక్క నేను క్లాసులో చెబుతాను.

మా మామ వరండాలోంచి కేకేశాడు. “ఏందా కంపు?”

ఆయనే లోపలికొచ్చి, పొగ వైపు చూసి, ఎంతో కాలంగా ఎదురుచూస్తున్నదేదో అందినవాడిలా నవ్వాడు.

“పుస్తకంలో ఎలిగుద్ది పంతులూ. ఇక్కడ ఎలగదు.”

వరండాలో మనుషులు కూడా నవ్వారు. నేను కాలిపోయినవాటిని పీకి చెత్తబుట్టలో పడేశాను. ఆ నవ్వు మాత్రం ఎక్కడ పడెయ్యాలో తెలియలేదు.

ఇక పంతం పట్టింది. ఆదివారం హైదరాబాదు వెళ్ళి, కోఠీ సందుల్లో తిరిగి అసలైన డ్రైవర్ కొన్నాను. డ్రైవర్ అంటే బండి నడిపేవాడు కాదు, కరెంటుని గీసిన గీత దాటనివ్వని చిన్న డబ్బా. వేడి లాగడానికి దట్టమైన అల్యూమినియం దిమ్మ కావాలి. అది మైక్ సెట్టు షాపులో దొరికింది. కాలిపోయిన పాత ఆంప్లిఫయర్ లోపల, దువ్వెన పళ్ళలా రేకులున్న దిమ్మ. ఆ ఆంప్లిఫయర్ మా మామ పార్టీ ఊరేగింపులో రోజంతా మోగి కాలిందని షాపు అబ్బాయి చెప్పాడు. బేరం ఆడకుండా తీసుకున్నాను.

ఈసారి తొందరపడలేదు. దిమ్మని గరుకు కాగితంతో రుద్ది నున్నగా చేశాను. ఒక్కో ఎల్‌ఈడీ కింద వేడిని దింపే తెల్ల పేస్టు పల్చగా రాసి, మరలు బిగించాను. నా చిన్న సోల్డరింగ్ ఐరన్‌కి ఆ రేకుల మీద సీసం కరిగేది కాదు. వేడినంతా రేకే మింగేసేది. కాలేజీ ల్యాబు నుంచి పెద్దది అడిగి తెచ్చుకున్నాను. ప్లస్ ఎక్కడో మైనస్ ఎక్కడో ప్రతిదీ మీటరు పెట్టి చూసుకున్నాను. పైన కంప్యూటర్ ఫ్యాను ఒకటి బిగించాను, ఉప్పు చెమ్మ తగలకుండా కింద పల్చటి గాజుపలక పెట్టాను. రెండు వైపులా ఇనప కాళ్ళు వెల్డింగు చేయించి తొట్టి మీద నిలబెట్టాను. గోడకి ఒక్క మేకు కూడా కొట్టలేదు. ఎవర్నీ అడగాల్సిన పని లేకుండా.

నీలం ఎక్కువ, తెలుపు తక్కువ పెట్టాను. నీళ్ళలోకి దిగేకొద్దీ ఎరుపు పోతుంది, పసుపు పోతుంది, లోపలిదాకా వెళ్ళేది నీలమే. పగడాలు దానికే అలవాటు పడి ఉంటాయి. వారం తిరిగేసరికి ముడుచుకున్న గుండీలన్నీ విప్పుకున్నాయి. నీలం కింద వాటి పచ్చదనం, నారింజ రంగు లోపలినుంచి వెలుగుతున్నట్టు ఉండేవి. మా పాప ఇంకా సరిగా నడక రానిది, తొట్టికి అరచేతులు ఆనించి నిలబడేది. ఆ ఇంట్లో నేను నెగ్గిన పని అదొక్కటే. లైటు కింద కూర్చుని పేపర్లు దిద్దితే సున్నాలు వేయబుద్ధి కూడా అయ్యేది కాదు.

అప్పటికి ఎన్నికలు ముంచుకొచ్చాయి. వరండాలో కుర్చీలు పెరిగాయి. చీకటి పడేవేళకి నా లైటు వెలుతురు కిటికీలోంచి వెళ్ళి వరండా సగం, రోడ్డు కొంత నీలంగా చేసేది. ఎదుటి పార్టీ రంగు నీలం.

ఇది నాకు తట్టలేదంటే ఎవరూ నమ్మరు. మా ఆవిడ ఇప్పటికీ నమ్మదు. నిజంగానే తట్టలేదు.

ఒక సాయంత్రం వరండాలో ఎప్పుడూ ముందు నవ్వే మనిషి ఒకడు అన్నాడు. “ఏంది అన్నా, ఇంట్లో జెండా మార్చావా? చెప్పనైనా చెప్పలా?”

గొల్లుమన్నారు. మా మామ నవ్వలేదు. లేచి లోపలికొచ్చాడు. నేను పేపర్లు దిద్దుతూనే ఉన్నాను. నావైపు చూడకుండా బోర్డు దగ్గరికెళ్ళి ప్లగ్గు లాగేశాడు.

హాల్లో చీకటి. నేను లేచి మళ్ళీ పెట్టాను. ఆయన మళ్ళీ లాగాడు. ఈసారి వైరు చేతికి చుట్టుకున్నాడు.

“ఆ రంగు నా ఇంట్లో ఎలగటానికి వీల్లేదు.”

“అది పార్టీ రంగు కాదు మామయ్యా. పగడాలకి కావాల్సింది ఆ రంగే.”

“పగడాలకి ఓటుందా?”

“లేదు.”

“నీకు?”

“ఉంది.”

“ఎవరికేస్తావు?”

“అది మీకెందుకు చెప్పాలి?”

నేనన్న మాట తప్పేం కాదు. కానీ ఆ గుమ్మంలో, ఆ మనుషుల ముందు, ఆ నెలలో అనాల్సిన మాట కాదు. ఆయన మొహం చూస్తే తెలిసింది, ఇక ఇది లైటు తగాదా కాదని.

మా ఆవిడ వచ్చి తండ్రి చేతిలోంచి వైరు లాక్కుంది. “మీ ఇద్దరి మధ్యా నన్ను చంపకండి” అని తనే ప్లగ్గు పెట్టింది. మర్నాడు కిటికీకి మందపాటి దుప్పటి కట్టింది. సాయంత్రం ఆయన వచ్చి, “నా ఇంట్లో నేనెందుకు దాక్కోవాలి?” అని దుప్పటి పీకి కిందపడేశాడు.

మా ఆవిడ నన్నడిగింది. “తెల్లవే పెడితే చస్తాయా అవి?”

“చావవు. రంగు తేలిపోతుంది.”

“తేలిపోతే పోనీ. పెట్టు.”

ఒక సెలవురోజంతా కూర్చుని నీలంవి ఒక్కోటీ ఊడదీసి తెల్లవి అతికించాను. వేళ్ళు రెండుచోట్ల కాలాయి. సాయంత్రం వెలిగిస్తే బట్టల కొట్లో ట్యూబులైటు కింద ఉన్నట్టుంది తొట్టి. పగడాలు మట్టిరంగుకి తిరిగాయి. మా మామ వచ్చి నిలబడ్డాడు. నేను ఎదురుచూశాను. ఒక్క మంచిమాట అంటాడని కాదు, కనీసం అనడానికి ఇంకేం లేక ఊరుకుంటాడేమోనని.

“ఆ ఫ్యాను మోతేంది? చెవుల్లో తుమ్మెద దూరినట్టు” అన్నాడు.

ఆ మర్నాడు నీలంవన్నీ మళ్ళీ పెట్టేశాను. మా ఆవిడ నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. పోనీ అనుకున్నాను. ఆయనకి పడనిది రంగు కాదని నాకు రూఢి అయింది. తెలుపైనా, ఎరుపైనా, ఆయన పార్టీ రంగే అయినా, ఆ తొట్టి నాది. అదే ఆయన బాధ.

ఈలోపు పైనుంచి కబురొచ్చింది. ఈసారి బూత్ ఏజెంటుగా వేరేవాడి పేరు అనుకుంటున్నారట. మా మామ మెత్తబడ్డాడని, ఇంట్లో దీపాలు వేరేగా వెలుగుతున్నాయని ఎవడో పైన చెప్పాడు. ఎవడో ఏంటి, ముందు నవ్వే ఆ మనిషే అయ్యుంటాడు. ఆ విషయం మా ఆవిడ చెప్పినప్పుడు నాకు సంతోషం కలిగింది. దాచుకోవడం ఎందుకు? అన్నం రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

ఏప్రిల్ వచ్చింది. మా పల్నాడు ఏప్రిల్ తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. తొట్టి అంచున ఇంకో చిన్న ఫ్యాను పెట్టాను, దాని గాలి తగిలితేనే ఆ నీళ్ళు చల్లగా ఉండేవి. నీళ్ళు తిప్పే మోటారు ఆడుతుంటేనే చేపలకి ఊపిరి. ఒకరోజు బంధువుల పిల్లాడి పుట్టెంట్రుకలని మా ఆవిడా పాపా కోటప్పకొండ వెళ్ళారు. నాకు సెలవుల్లో కూడా కోచింగ్ క్లాసులే. ఇంట్లో మా మామ ఒక్కడే.

సాయంత్రం నేను గుమ్మంలో అడుగుపెట్టేసరికే వాసన వచ్చింది. కుళ్ళిన ఉప్పుచేప వాసన. తొట్టిలో నీళ్ళు కుడితిలా తెల్లగా ఉన్నాయి. చేపలు రెండూ పైన పక్కకి వాలి తేలుతున్నాయి. గుండీలన్నీ జిగటగా కరిగి రాళ్ళమీంచి జారుతున్నాయి. ముట్టుకుంటే తొట్టి అద్దం గోరువెచ్చగా ఉంది.

కరెంటు పోయిందేమో అనుకున్నాను. ఫ్రిజ్ మోగుతోంది. బోర్డు వైపు చూస్తే ప్లగ్గులు లేవు. లైటుదీ, మోటారుదీ, ఫ్యానుదీ. మూడు వైర్లూ విడివిడిగా, పొందిగ్గా చుట్టి, రబ్బరు బ్యాండ్లు వేసి తొట్టి పక్కన పెట్టి ఉన్నాయి. కోపంలో లాగినవాడు చుట్టలు చుట్టడు.

మా మామ వరండాలోనే ఉన్నాడు, చుట్టూ మనుషులు. నేను వంటింట్లోకెళ్ళి స్టీలు పళ్ళెం తెచ్చాను. చేపలు రెండూ అందులో వేశాను. తీసుకెళ్ళి ఆయన ముందున్న స్టూలు మీద, టీ గ్లాసుల మధ్య పెట్టాను.

“ఏందిది?”

“మీ వంటే మామయ్యా. రుచి చూడండి.”

ముందు నవ్వేవాడు కూడా నవ్వలేదు. మా మామ పళ్ళెం వైపు చూశాడు, నావైపు చూశాడు. గొంతు పెంచలేదు.

“పులుసుక్కూడా పనికిరావు ఇవి. వీటికా ఇంత?”

“వాటికి కాదు. మీకు.”

“నాకా? నా ఇంట్లో నా కూడు తింటూ నాకు పళ్ళెం పెడతావా?”

“కూడు నా జీతంతో కూడా వండుతున్నారు. అది మీ మనుషులకి ఎప్పుడూ చెప్పలేదు కదా.”

ఆయన లేచాడు. చెయ్యి ఎత్తుతాడనుకున్నాను. ఎత్తి ఉంటే బాగుండేది, నేనూ ఎత్తేవాణ్ణి. ఎత్తలేదు. పళ్ళెం తీసి వరండా మెట్లకింద మట్టిలో బోర్లించి, “కుక్కకి పెట్టండ్రా” అన్నాడు. కుక్క కూడా వాసన చూసి వెళ్ళిపోయింది.

నేను లోపలికెళ్ళి తొట్టిలో నీళ్ళు బకెట్లతో తోడిపోశాను. రాళ్ళు ఒక బకెట్లో, లైటు పాత దుప్పట్లో చుట్టి, బట్టలు రెండు సంచుల్లో. ఆటో పిలిచి ఎక్కిస్తుండగా మా ఆవిడ కొండ నుంచి వచ్చింది. భుజం మీద పాప నిద్రపోతోంది.

“ఎక్కడికి?”

చెప్పాను. ఏం జరిగిందో అంతా చెప్పాను. వినింది. ఇంటివైపు చూసింది, ఆటోవైపు చూసింది.

“వెళ్తే నువ్వెళ్ళు. చేపల కోసం ఇల్లొదిలినోడి వెనకాల నేను రాను.”

“చేపల కోసం కాదు.”

“ఇంకెవరి కోసం? నా కోసమా?”

ఆటో ఎక్కాను.

సత్తెనపల్లి రోడ్డులో ఒక పోర్షను అద్దెకి దొరికింది. రెండు గదులు, పైన రేకులు. ఖాళీ తొట్టి మూలన పెట్టాను. మా ఆవిడకి ఫోన్ చేస్తే పాపని పలకరించనిచ్చేది, తను మాట్లాడేది కాదు. నేను వండుకున్నది నేనే తినలేక హోటల్లో తినేవాణ్ణి.

ఒకరోజు కాలేజీ బయట టీ తాగుతుంటే కెమిస్ట్రీ చెప్పే ఆయన వచ్చి భుజం తట్టాడు. “మొత్తానికి మీ మామ గట్టోడండీ. పార్టీ కోసం ఇంటల్లుణ్ణే గెంటేశాడంట కదా!”

ఏంటని అడిగితే చెప్పాడు. ఊరంతా అదే మాట. అల్లుడు ఎదుటి పార్టీకి అమ్ముడుపోయి ఇంట్లో వాళ్ళ రంగు లైట్లు పెట్టాడట. మామ ఎన్నోసార్లు చెప్పి చూశాడట. చివరికి కూతురు ఏడుస్తున్నా లెక్కచెయ్యకుండా, పార్టీకన్నా అల్లుడెక్కువ కాదని బయటికి పంపేశాడట. పైనుంచి ఫోన్ చేసి మెచ్చుకున్నారట. బూత్‌లో ఏజెంటుగా మళ్ళీ ఆయనేనట.

నా పగడాలు చంపి, ఆ శవాలతో కుర్చీ సంపాదించుకున్నాడు. నాకు కోపం కూడా రాలేదు. అంత తెలివి నాకుంటే ఈపాటికి నేను ఫిజిక్స్ చెప్పేవాణ్ణి కాదనిపించింది.

తర్వాతి ఆదివారం పొద్దున్నే తలుపు కొట్టిన చప్పుడు. తీస్తే మా ఆవిడ. చంకలో పాప, చేతిలో పెట్టె. లోపలికొచ్చి, రేకుల వైపు చూసి, “కొలిమిలా ఉంది” అంది. పాపని నా చేతిలో పెట్టి మంచినీళ్ళు తాగింది. తనే చెప్పింది.

“నిన్న సాయంత్రం వరండాలో నాన్న ఆ కథ మళ్ళీ చెబుతున్నాడు. నేను ఏడ్చానంట, కాళ్ళు పట్టుకున్నానంట. నేనెప్పుడు పట్టుకున్నా? నేను బయటికొచ్చి అందరి ముందే అడిగా. ‘ఎవరి కాళ్ళు పట్టుకున్నా నాన్నా? పార్టీ కోసం పంపావా, ప్లగ్గులు పీకి రబ్బరు బ్యాండ్లేసి పంపావా?’ అని.”

“మరి వాళ్ళేమన్నారు?”

“వాళ్ళేమంటారు? ‘ఆడపిల్ల, బాధలో ఉంది’ అన్నారు. నాన్న కూడా అదే అన్నాడు. ‘మొగుడు పోయిన బాధలో ఉందిలే’ అన్నాడు. నువ్వు బతికుండగానే.”

ఆ మాటకి నేను నవ్వాను. తను నవ్వలేదు.

“నవ్వకు. నువ్వు మంచోడివని రాలా. తొట్టి కిటికీ దగ్గరే పెట్టింది నువ్వు కాదా? వెనక గదిలో పెడితే ఏం పోయేది? నువ్వూ అంతే, ఆయనా అంతే. కాకపోతే నా పేరు మీద అబద్ధమాడింది ఆయన.”

పెట్టె తెరిచి బట్టలు సర్దడం మొదలుపెట్టింది. సర్దుతూ మధ్యలో, “ఆ లైటు ఏది?” అంది. దుప్పట్లోంచి తీశాను. ఉప్పు చెమ్మకి మరల చుట్టూ తెల్లటి పొర పేరుకుంది. రెండు అతుకులు ఊడాయి. తను చూసి మూతి విరిచింది.

తొట్టి మళ్ళీ నింపడానికి చానా రోజులు పట్టింది. ఉప్పు కలిపి, నీళ్ళు కుదురుకునేదాకా ఆగి, ఒక్కో గుత్తీ తెచ్చాను. లైటు మళ్ళీ అతికించేటప్పుడు తను పక్కన కూర్చుని టార్చి పట్టుకుంది. పట్టుకున్నంతసేపూ తిట్టింది. వెలిగించాక మాత్రం, నీలం ఇంకాస్త తగ్గించు, పాప కళ్ళకి మంచిది కాదంది. తగ్గించాను. మా ఇంటి ఓనరు ఒకసారి వచ్చి చూసి, ఇదేం పూజండీ అనడిగాడు. మా ఆవిడే చెప్పింది, చేపలని.

ఎన్నికలైపోయాయి. మా మామ బూత్‌లో కూర్చున్నాడు, చొక్కాకి బ్యాడ్జీ పెట్టుకుని. నేను క్యూలో నిలబడి లోపలికెళ్ళి, ఆయన ముందునుంచే నడిచి, ఓటేసి వచ్చాను. ఆయన జాబితాలో నా పేరు మీద స్కేలు పెట్టి గీత గీశాడు. తలెత్తలేదు. ఎవరికేశానో ఆయనకి ఇప్పటికీ తెలియదు. మా ఆవిడకీ చెప్పలేదు.

కూతురితో ఫోన్లో మాట్లాడతాడు. పండక్కి పాపకి బట్టలు పంపిస్తాడు. నా ప్రసక్తి రాదు. నేనూ రానివ్వను. మధ్యవర్తులు ఒకరిద్దరు వచ్చారు, పెద్దాయన కదా, ఒక్కసారి వెళ్ళి పలకరించు అన్నారు. కాఫీ ఇచ్చి పంపించాను.

మొన్న మాచర్లలో బంధువుల పెళ్ళికి వెళ్ళాం. ఎండకి జనం అల్లాడుతున్నారు. భోజనాల పంక్తిలో నాకు చోటు చూపించారు. ఆకు ముందు కూర్చున్నాక చూస్తే పక్క ఆకు ముందు మా మామ. లేవడానికి ఇద్దరికీ వీల్లేదు, అప్పటికే పప్పు వడ్డించేశారు. తలొంచుకుని తింటున్నాం. ఆయన చెయ్యి కొంచెం వణుకుతోంది, అంతకుముందు అలా లేదు. చూశాను గానీ చూడనట్టే ఉన్నాను.

గారెల బుట్ట పట్టుకున్న కుర్రాడు మా దగ్గర ఆగాడు. మా మామ నావైపు తిరగకుండా వేలితో నన్ను చూపించి, పంక్తి మొత్తానికి వినపడేలా అన్నాడు.

“ఆయనకి రెండెయ్యి. పంతులు. బయట దొరకవు పాపం.”

పక్కనవాళ్ళు నవ్వారు. నేను చెయ్యి అడ్డం పెట్టాను. పంక్తిలో అందరూ తింటుండగా మధ్యలో లేవడం ఎంత తప్పో నాకు తెలుసు, పెళ్ళివాళ్ళు ఏమనుకుంటారో కూడా తెలుసు. ఆకు మడిచి లేచాను. ఆయన ఇంకో గారె వేయించుకున్నాడు.